ఆలన్ ట్యూరింగు పండితుని చరిత్రము

నేడు మన గూడూరు పట్టణమున ననేక గృహములందు బిడ్డల చదువునకై కంప్యూటరు కొనియుంచుట సామాన్యమైనది. రాత్రి భోజనములైన పిదప దానిని ముట్టువా రెవరును లేకున్నను, అప్పుడప్పుడు దానిలోని చిన్న పంకా గిఱ్ఱున తిరుగుటయు, దీపము మినుకుమినుకు మనుటయు, తెరమీది బాణము నత్తనడక నడచుటయు చూచి తలిదండ్రులు కలవరపడుచున్నారు. లోపల నెవరైన జొరబడిరా? బ్యాంకిలోని సొమ్ము క్షేమముగా నున్నదా? పిల్లవాడు చేయరాని పని యేమైన చేసెనా? అని వారికి సందేహము. ఈ మూడవ సందేహము వలన నిర్దోషులగు బాలురు కొందఱు చీవాట్లు తినుచుందురని మే మెఱుగుదుము. అట్టి యంత్రము మన మాజ్ఞాపింపని పని యెట్లు చేయగలదో తెలిసికొనగోరువారు, దానిని మొట్టమొదట మనస్సున నిర్మించిన పండితుని చరిత్ర చదువుట మేలని తలచి, ఈ సంచికయం దాతని జీవితమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆలన్ మాథిసన్ ట్యూరింగు 1912 వ సంవత్సరము జూన్ 23 వ తేదీన లండను నగరమున జన్మించెను. అయినను ఆతని కథ మన తెలుగు సీమలోనే మొదలైన దని చెప్పవచ్చును. తండ్రి జూలియస్ మాథిసన్ ట్యూరింగు ఇండియన్ సివిల్ సర్వీసు పరీక్షయందు కృతార్థుడై, 1896 డిసెంబరు నెలలో చెన్నరాజధానికి వచ్చి, మొదటి పది సంవత్సరములు బళ్ళారి, కర్నూలు, విశాఖపట్టణము జిల్లాలలో కొలువు చేసెను. గుఱ్ఱమెక్కి గ్రామగ్రామము తిరిగి, పంటలు, కాలువలు, టీకాలు, పారిశుద్ధ్యము మొదలగు వానిని విచారించి, లెక్కలు తనిఖీ చేయుట యాతని పని. పరీక్షకొఱకు చదివిన భాష అరవము. కొలువులో నుండి నేర్చుకొన్నది తెలుగు.

తల్లి ఎథెల్ సారా 1881 లో కోయంబత్తూరు చేరువనున్న పోదనూరున పుట్టినది. ఆమె తండ్రియగు ఎడ్వర్డు వాలర్ స్టోనీ మద్రాసు రైల్వేకు ప్రధాన ఇంజనీరు. తుంగభద్రానది మీది రైలువంతెన యాతని యాజమాన్యముననే కట్టబడెను. అంతేకాక, ఎండకాలమున దొరల గదులలో నూపబడు పంకాకు చప్పుడు చేయని చక్ర మొకటి కనిపెట్టి, దానికి హక్కుపత్రము పొంది, ద్రవ్యము గడించెను. ఈ పంకాచక్రమును చదువరులు జ్ఞాపకముంచుకొన గోరెదము. దానితో మనకు ముందు పని కలదు. విద్యుత్కణమునకు 1891 లో ఎలక్ట్రాన్ అని నామకరణము చేసిన జార్జి జాన్‌స్టన్ స్టోనీ శాస్త్రవేత్తయు నీ వంశమువాడే.

జూలియస్ దొరకును ఎథెల్ సారాకును 1907 లో డబ్లిను నగరమున వివాహమయ్యెను. మఱుసటి యేట వారి పెద్దకుమారుడు జాను కూనూరున పుట్టెను. అటుపిమ్మట దొరగారి బదిలీల ననుసరించి ఆ కుటుంబము పార్వతీపురము, విశాఖపట్టణము, అనంతపురము, బెజవాడ, శ్రీకాకుళము, కర్నూలు తిరిగి, 1911 మార్చిలో గంజాం జిల్లాలోని ఛత్రపురము చేరెను. ఆ యూరు నేడు ఒడిస్సాలోనిది. అప్పుడు మన రాజధానిలోనిదే. అచ్చట గర్భవతియైన ఎథెల్ సారా ఆంగ్లదేశమునకు పోయి ఆలను ప్రసవించెను. భర్త 1913 మొదట నొంటరిగా తిరిగివచ్చెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో నామెయు బిడ్డల నిద్దఱను అచ్చట విడిచి వచ్చెను. సముద్రతీరమున సెయింట్ లెనార్డ్సు అను నూర వార్డు అను విశ్రాంత సైనికోద్యోగి కుటుంబము వారిని పెంచెను. మన జిల్లాల కాగితములపై సంతకములు చేయుచున్న తండ్రి, తన చిన్న కుమారుని ముఖము సంవత్సరముల తరబడి చూచి యుండలేదు. ఆ కాలపు దొరలలో నిది వాడుకయే; కాని వాడుక యైనంతమాత్రమున పిల్లలకు కొఱత తీఱునా?

ఆలను చదువను తనంతట తానే మూడు వారములలో నేర్చుకొనెనని చెప్పుదురు. అక్షరములకంటె నంకెలు వానికి ప్రియములు. వీథిలో పోవునపుడు ప్రతి దీపస్తంభము కడ నాగి, దానిమీది క్రమసంఖ్యను చదివినగాని కదలడట. పదియేండ్ల ప్రాయమున, 1922 ప్రాంతమున, ప్రతి బిడ్డయు తెలిసికొనదగిన ప్రకృతివింతలను గూర్చి ఎడ్విన్ టెన్నీ బ్రూస్టరు వ్రాసిన పుస్తక మొకటి వానిచేత పడెను. మన శరీరము కూడ మిక్కిలి చిక్కైన యొక యంత్రమే యని ఆ గ్రంథకర్త తెలిపిన మాట బాలుని మనస్సున నాటుకొనెను. శాస్త్రమన నేమో తన కన్నులను తెఱచినది ఆ పుస్తకమే యని యాతడు పెద్దవాడైన పిమ్మటను చెప్పుచుండెడివాడు.

1926 మే నెలలో పదునాలుగేండ్లైన నిండని ఆలను షెర్బర్ను పాఠశాలలో చేరవలసియుండెను. తలిదండ్రు లప్పటికి ఫ్రాన్సుదేశమున నుండిరి. ఓడ దిగి సౌతాంప్టను రేవు చేరగా, దేశమంతట కార్మికులు సమ్మెకట్టి రైళ్ళు నిలిచిపోయెను. మఱియొకడైన తంతి నిచ్చి కూర్చుండెడివాడు. ఈ బాలుడు తన సైకిలెక్కి, దారిలో నొక పూటకూటియింట రాత్రి గడపి, సుమారు 60 మైళ్ళు త్రొక్కి బడికి చేరెను. గూడూరినుండి తిరుపతికి పోవు దూరమును మన విద్యార్థులు తలచుకొన్నచో ఆ ప్రయాణ మెట్టిదో బోధపడును.

ఇంతటి బాలుడు బడిలో మెప్పు పొందెనా? లేదు. చేవ్రాత మిక్కిలి యసహ్యము, కాగితమంతయు సిరామరకలు. లాటినులో వెనుకబాటు; ఆంగ్లమున నంతకంటె వెనుకబాటు. గణితమున సరియైన జవాబు వ్రాయును గాని, దాని నెట్లు సాధించెనో మెట్లు చూపడు. శాస్త్రము తప్ప వేఱొకటి చదువని బాలునికి తమ పాఠశాల తగిన తావు కాదని ప్రధానోపాధ్యాయుడు తండ్రికి వ్రాసెను. ఆ సమయముననే యాతడు ఐన్‌స్టైను సాపేక్షసిద్ధాంతమును తనంతట చదివి దాని మర్మమును గ్రహించుచుండెను. ఉపాధ్యాయులు కాగితముమీద పడినదానినే చూచి మార్కులు వేసిరి. లోపల నడచుచున్న పనిని చూచుటకు వారికి సాధనము లేకుండెను. ఉపాధ్యాయులమైన మేము ఈ భాగము వ్రాయునపుడు కలము కొంచెము మెల్లగా నడచిన దని యొప్పుకొందుము.

క్రిస్టఫరు మార్కం అను తోడివిద్యార్థి యొకడు మాత్ర మాతని నెఱిగెను. వాడు ఆలనుకంటె పైతరగతివాడు, నీటైనవాడు, ఆటపాటలయందును నేర్పరి. వాని స్నేహమువలన ఆలను కాగితములను శుభ్రముగా వ్రాయ నారంభించెను. ఇరువురును నక్షత్రములను గూర్చియు రసాయనములను గూర్చియు జాబులు వ్రాసికొనెడివారు. 1930 ఫిబ్రవరి 13 వ తేదీన మార్కం క్షయరోగమున మృతినొందెను. వానికి చిన్ననాట క్షయసోకిన యావుపాలు త్రాగుటచే నా రోగ మంటెనట. ఆ మిత్రుని మనస్సు శరీరమును విడిచి యేమైనది, మనస్సు యంత్రమున నుండగలదా, యను ప్రశ్న ట్యూరింగు నటుపిమ్మట విడువలేదు.

1931 లో కేంబ్రిడ్జి కింగ్సు కళాశాలలో చేరి, 1934 లో ప్రథమశ్రేణి పొంది, మఱుసటి యేట 22 సంవత్సరముల వయస్సుననే యక్కడ సభ్యు డయ్యెను. ఆ సంవత్సరమే న్యూమన్ అను నాచార్యుని యుపన్యాసములలో జర్మను గణితాచార్యుడగు హిల్బర్టు వేసిన ప్రశ్న యొకటి వినెను. ఏ గణితవాక్యము నిచ్చినను, అది నిరూపింపదగినదా కాదా యని తప్పక తేల్చు యాంత్రికమైన పద్ధతి యొకటి కలదా? ఇది యా ప్రశ్న. పద్ధతి కలదని చెప్పుటకు దానిని చూపిన చాలును. లేదని చెప్పవలెనన్న, పద్ధతి యన నేమో ముందుగా స్థిరపఱపవలెను. గణితజ్ఞులు చిక్కుకొన్న దిచ్చటనే.

ట్యూరింగు మిక్కిలి సామాన్యమైన దారి పట్టెను. ఆ దినములలో కంప్యూటరు అనగా యంత్రము కాదు, లెక్కలు చేయు గుమాస్తా. అట్టి గుమాస్తా యేమి చేయును? చిన్నపిల్లల లెక్కలపుస్తకము వంటి గళ్ళ కాగితము ముందిడుకొని, ఒక గడిని చూచును. అందున్న గుఱుతును చదువును. తానప్పు డున్న స్థితినిబట్టి దానిని తుడిచి వేఱొకటి వ్రాయును, లేదా యట్లే విడుచును. ప్రక్క గడికి జరుగును. ఎంత గొప్ప లెక్కయైనను ఇంతకంటె వేఱు లేదు. కాగితమును పొడవైన నాడావలె చేసి, గుమాస్తాకు మాఱుగా నొక యంత్రము నుంచిన నదియే ట్యూరింగు యంత్రము. ఒక్కొక్క లెక్క కొక్కొక్క యంత్రము కావలెను. అటుపిమ్మట నాతడు ముఖ్యమైన యడుగు వేసెను: ఏ యంత్రముయొక్క నియమములనైనను గుఱుతులుగా మార్చి, ఆ నాడామీదనే వ్రాసినచో, వానిని చదివి యా యంత్రమువలెనే నడుచుకొను సర్వయంత్రము నొకదానిని కల్పింపవచ్చును. అది యొక్కటి చాలును. పని మార్చుటకు చక్రములు మార్చనక్కఱలేదు, వ్రాత మార్చిన చాలును. ఈ వ్యాసము 1936 లో లండను గణితసంఘమువారికి సమర్పింపబడెను.

తాతగారి పంకాచక్ర మిచ్చట జ్ఞప్తికి తెచ్చుకొందము. పంకా గాలి విసరును, మఱియొకటి యెఱుగదు. బియ్యపుమర చప్పుడైన బియ్య మాడుచున్న దని వీథిలోనివారును చెప్పగలరు. మన యింటి కంప్యూటరు సర్వయంత్రము. దాని చప్పు డొక్కటే, పనులు లెక్కలేనివి. పాఠము చూపునదియు, పాట వినిపించునదియు, దొంగకు పని చేయునదియు నా యంత్రమే, ఆ విద్యుత్తే. అందుచేత చప్పుడు విని పని యేదో చెప్పలేకున్నాము. మన కలవరమునకు మూలకారణ మిది. లోని గణనభాగము పనిచేసినకొలది వేడెక్కును. వేడికి పంకా వేగముగా తిరుగును. పంకా మనకు తెలుపున దంతే: లోపల నేదో పని జరుగుచున్నది.

ఆ వ్యాసముననే రెండవ ఫలితము కలదు. అదియు మన కవసరము. ఏ యంత్రమైనను, ఏ వ్రాతయైనను, అది యేనాటికైన పని ముగించి నిలుచునా, నిలువదా యని ముందుగా చెప్పగల పరీక్షకయంత్ర మొకటి కల దనుకొందము. ఆ పరీక్షకుని లోపల నుంచుకొని మఱియొక యంత్రము నిర్మింతము. దీని స్వభావము పెంకెతనము: తన్ను గూర్చి పరీక్షకు డేమి చెప్పునో ముందుగా కనుగొని, నిలుచు నన్నచో తిరుగుచునే యుండును; తిరుగు నన్నచో వెంటనే నిలిచిపోవును. ఇక పరీక్షకు డేమి చెప్పినను తప్పే. కావున నట్టి పరీక్షకుడు లేడు, ఉండబోడు. నిలుపుసమస్య యను పేరు దీనికి తరువాతివా రిడిరి. ట్యూరింగు వ్రాసిన రూపము కొంచెము వేఱు, సారము మాత్ర మిదియే. ఈ దారిననే హిల్బర్టు ప్రశ్నకు లేదని సమాధానము వచ్చెను. అమెరికాలో అలోంజో చర్చి యను గణితాచార్యుడు వేఱుదారిని అదే ఫలితమును కొంచెము ముందుగా ప్రకటించెను. ట్యూరింగు ఆయనయొద్దకే ప్రిన్స్‌టన్ పోయి 1938 లో డాక్టరు పట్టము పొందెను.

దీనికిని మన యింటికిని సంబంధమేమి యందురా? 1984 లో ఫ్రెడ్ కోహెన్ అను నమెరికా విద్వాంసుడు ఇట్టి పెంకెయంత్రపు యుక్తితోనే, ఏ వైరసునైనను తప్పక పట్టి, నిర్దోషమైన వ్రాతను తప్పుపట్టని పరిపూర్ణమైన పరీక్షకుడు లే డని చూపెను. ఒకసారి చూచి యిది మంచిది, ఇది చెడ్డదని శాశ్వతముగా ముద్ర వేయుట సాధ్యము కాదు. కనుక వైరసులను వెదకు కార్యక్రమములు క్రొత్తక్రొత్త గుఱుతులు తెప్పించుకొనుచు, చూచిన దస్త్రములనే మరల మరల చూచుచుండును. రాత్రివేళ మన కంప్యూటరు చేయు పనిలో నిదియు నొక భాగము. దొంగ జొరబడె నని యజమాని భయపడు చప్పుడు పెక్కుసార్లు కావలివాడు తిరుగు చప్పుడే.

1939 సెప్టెంబరు 3 న బ్రిటను జర్మనీపై యుద్ధము ప్రకటించెను. మఱునాడే ట్యూరింగు బ్లెచ్లీ పార్కు అను రహస్యస్థానమున పనికి చేరెను. జర్మనులు తమ వార్తలను ఎనిగ్మా యను యంత్రముతో మఱుగుపఱచి పంపుచుండిరి. దాని యమరికలు సుమారు 159 తరువాత 18 సున్నలు వ్రాసినంత సంఖ్య. అందేది నేటిదో ప్రతిదినమును కనుగొనవలెను. పోలండుదేశపు గణితజ్ఞులు రెజెవ్‌స్కీ, రుజిట్స్‌కీ, జిగాల్‌స్కీ అనువారు ముందే దాని గుట్టు చాలవఱకు తెలిసికొని, యుద్ధమునకు కొంచెము ముందు ఆంగ్లేయులకు చెప్పియుండిరి. వారి ఋణము చెప్పక ట్యూరింగు నొక్కనినే పొగడుట న్యాయము కాదు.

ట్యూరింగు పద్ధతి యన్నిటిని వెదకుట కాదు, కానివానిని త్రోసివేయుట. వార్తలో వాతావరణమువంటి మాట యొకటి యుండు నని యూహించి, ఎనిగ్మా యే యక్షరమును ఆ యక్షరముగానే మార్చ దను లోపమును పట్టుకొని, ఆ మాట యెచ్చట నుండవచ్చునో తెలిసికొనెడివారు. పిమ్మట నాత డేర్పఱచిన బాంబ్ అను పెద్ద యంత్రము ఒక్కొక్క యమరికను నిజమని తలచి, దానినుండి పరస్పరవిరుద్ధములు పుట్టినచో త్రోసివేయుచు పోవును. మిగిలిన కొలదివానిని మనుష్యులు చూచెడివారు. మొదటి బాంబు 1940 మార్చిలో వచ్చెను. గార్డన్ వెల్చ్‌మన్ అనువాడు దానిని బాగుచేసెను. యుద్ధాంతమునకు 200 లకు పైగా నుండెను. అట్లాంటికు సముద్రమున నోడలను ముంచుచున్న జర్మను జలాంతర్గాముల వార్తలు ట్యూరింగు నడపిన యెనిమిదవ కుటీరమున విప్పబడుటచే, ఆహారపుటోడ లనేకములు క్షేమముగా గట్టు చేరెను.

అచ్చటి యాతని సైకిలు కథ మా కన్నిటికంటె ప్రియము. గొలుసు మాటిమాటికి నూడిపోవుచుండెను. ఆతడు దుకాణమునకు పోక, ఎన్ని చుట్లకు నూడుచున్నదో లెక్క పెట్టెను. లెక్క ప్రతిసారియు నొక్కటే. సమయము వచ్చినపు డొక ఉపాయము చేసి గొలుసు పడకుండ కాపాడుకొనుచు కొంతకాలము నడపి, తుదకు చక్రములో వంగిన కమ్మి యొకటి గొలుసులోని దెబ్బతిన్న కొలికి యొకదానితో కలిసినపుడే ఊడుచున్నదని కనుగొనెను. ఆతని తల్లి తరువాత వ్రాసిన చరిత్రలోనిది యీ వృత్తాంతము. ఇంటి కంప్యూటరు తనంతట పనిచేసినపు డింతకంటె మంచి పద్ధతి మాకు తెలియదు: ఏ వేళ మొదలైనది, ఎంతసే పుండినది, మఱునా డదే వేళకు వచ్చినదా యని కాగితముమీద వ్రాసికొనవలెను. లెక్క యొక్కటే యైనచో కారణమును నియతమైనదే. విండోసు కంప్యూటరులు తమ మరమ్మతు పనులకు సాధారణముగా రాత్రి 2 గంటలవేళను నియమించుకొని యుండును. అప్పుడు యంత్రము నిద్రించుచుండిన, పిమ్మట మనము ముట్టని సమయమున నా బాకీ తీర్చుకొనును. మనము విడిచిపోయినపుడే చప్పుడగుట యిందువలననే. అది దాగుట కాదు, మర్యాద.

యుద్ధానంతరము ట్యూరింగు జాతీయ భౌతికప్రయోగశాలలో చేరి, 1946 లో నిజమైన విద్యుద్గణనయంత్రమునకు సంపూర్ణమైన ప్రణాళిక సమర్పించెను. ఆలస్యములకు విసిగి 1948 లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు పోయెను. ఆ మధ్యకాలమున పరుగుపందెములలో దేహమును శ్రమపెట్టి, 1947 లో మారథాను పరుగును 2 గంటల 46 నిమిషములలో ముగించెను. ఆంధ్రదేశపు గణితోపాధ్యాయులలో నట్టివా రెందఱో మే మెఱుగము.

మాంచెస్టరులోని యంత్రమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. దాని జ్ఞాపకశక్తి గాజుగొట్టములలో వెలుగు చుక్కలుగా నుండెను. ఆ చుక్కలనే తెరమీద చూపు నేర్పాటు గలదు. బల్లకడ కూర్చున్నవాడు యంత్రము తలచుకొనుచున్నదానిని కన్నులార చూచెడివాడు. మఱియు దానికొక బూర కట్టియుండెను. ఒక యాజ్ఞ నిచ్చినపుడు టిక్కు మనును. మరల మరల నిచ్చినచో స్వరము పలుకును. పని ముగిసిన దనియు, తప్పు వచ్చిన దనియు యంత్రము తెలుపునట్లు వ్రాయవచ్చును. ఈ రెంటిని వాడు విధమును ట్యూరింగు స్వయముగా వ్రాసిన కరదీపికయం దుపదేశించెను. తిరుగవేసి చదువవలసిన 32 గుఱుతుల లిపిలో నంకెలు వ్రాయు మని కోరుటచే తక్కినవారు గోలపెట్టిరి. ఆతనికి మాత్ర మది మాతృభాష.

ఆనాటి యంత్రము సాధారణముగా నొకసారి కొకరి పని చేసెను. 1961 తరువాత అమెరికాలోని మాసచూసెట్సు విద్యాపీఠమున ఒకే యంత్రమును పలువురు పంచుకొనుట యారంభమయ్యెను. క్షణమును వేయిముక్కలు చేసి, ఒక్కొక్కరి పనికొక్క ముక్క యిచ్చుచు పోయినచో, అన్నియు నేకకాలమున జరుగునట్లు తోచును. ఎవరును పిలువకున్నను వెనుక నుండి యంత్రపు పనులు చూచు చిన్న కార్యక్రమములు 1963 ప్రాంతమున నచ్చటనే పుట్టెను. మాక్స్‌వెలు శాస్త్రజ్ఞు డూహించిన, కంటికి కనబడక యణువులను వేఱుచేయు చిన్న భూతమును తలచి వానికి డీమన్ అని పేరుపెట్టిరి. నేటి కంప్యూటరున నట్టి భూతములు పదులకొలది యుండును. ఒకటి దస్త్రముల పేర్లకు సూచిక వ్రాయును. ఒకటి క్రొత్త సవరణలను దింపుకొనును. ఒకటి ఛాయాపటములను దూరపు నిలువలకు పంపును. చుక్కల తెరయు బూరయు పోయినవి, భూతములు పెరిగినవి.

అయినను చూచుటకు కిటికీ కలదు. విండోసునందు కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు మూడును కలిపి నొక్కిన టాస్కు మేనేజరు కనబడును. సి.పి.యు. అను శీర్షికపై నొక్కిన అధికముగా పనిచేయుచున్నది పైకి వచ్చును. డిస్కు, నెట్‌వర్కు అను వానిని నట్లే చూడవలెను. సూచికయో, సవరణయో, వైరసు పరీక్షయో యైనచో కొన్ని గంటలు విడిచిపెట్టిన దానంతట నణగును. పేరు తెలియనిదైనచో వెంటనే చంపక, అది యే అఱలో నుండి నడచుచున్నదో, ఎవరు చేసినదో, కుడిమీట నొక్కి చూడవలెను. సరియైన పేరునే దొంగిలించి పెట్టుకొను దుష్టములును కలవు. ఇంటివారెవరు నేమియు పంపకున్నను నెట్‌వర్కు మార్గమున పగలు రాత్రి సరకు బయటికి పోవుచుండుటయు, కిటికీ తెఱవగానే పంకా చప్పు డణగి, మూయగానే మరల లేచుటయు మంచి గుఱుతులు కావు. ఒకరి విద్యుత్తుతో తమకు నాణెములు గడించు దొంగకార్యక్రమములు కొన్ని యిట్లే దాగును. అప్పుడు ఇంటర్నెట్టు త్రాడు తీసివేసి, పూర్తి పరీక్ష నడపి, బ్యాంకి రహస్యపదములను వేఱొక యంత్రమునుండి మార్చుట యవసరము.

1949 లో కేంబ్రిడ్జిలో చదివిన చిన్న వ్యాసమున, పెద్ద వ్రాతను పరీక్షించుటకు దానిలో నచ్చటచ్చట, ఇచ్చట నిది యిట్లుండవలె నను నిశ్చయములు వ్రాసినచో, ఒక్కొక్కదానిని వేఱువేఱుగా సరిచూడవచ్చు నని ట్యూరింగు చూపెను. 1950 లో మైండ్ పత్రికయందు యంత్రములు ఆలోచింపగలవా యను ప్రశ్న నెత్తుకొనెను. చెప్పినదానికంటె యంత్రము క్రొత్త చేయలేదను వారికి, యంత్రములు తన్ను తఱుచుగా నాశ్చర్యపఱచుచున్న వని బదులు చెప్పెను. ఆజ్ఞలన్నియు తనవే యైనను, వాని ఫలములన్నియు తన మనస్సున ముందుగా నుండవు గదా యని యాతని వాదము. 1951 లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. 1952 లో జంతువుల చర్మముపై మచ్చలును చారలును రసాయనముల వ్యాప్తిచే నెట్లేర్పడునో తెలుపు వ్యాసము ప్రకటించెను.

ఆ సంవత్సరమే యాతనికి కీడు మూడెను. తన యింట దొంగతనము జరిగిన దని తానే పోలీసులకు తెలుపగా, విచారణయందు వారు దొంగను విడిచి యజమానిని పట్టుకొనిరి. పురుషునితో సంబంధము గలిగియుండుట ఆనాటి యాంగ్లేయశాసనమున నేరము; ట్యూరింగు దానిని దాచలేదు. 1952 మార్చి 31 న న్యాయస్థానము తప్పితము స్థాపించి, చెఱసాలయో, శరీరమును మార్చు మందులో యేరుకొను మనెను. ఆతడు మందులకు సమ్మతించి యొక సంవత్సరము బాధపడెను. రహస్యపు పనులలో ప్రవేశము తొలగింపబడెను. దేశమున కాతడు చేసిన సేవ యెట్టిదో న్యాయాధిపతికి పూర్తిగా తెలిపెడివీలు లేకుండెను. అది యప్పటికి రాజరహస్యము. 1954 జూన్ 7 న, 41 సంవత్సరముల ప్రాయమున, తన గృహమున సయనైడు విషముచే మరణించెను. ఆత్మహత్య యని విచారణాధికారి తీర్మానించెను. రసాయనపరిశోధనలో పొరపాటున లోపలికి పోయిన దని తల్లి కడవఱకును నమ్మెను.

బ్లెచ్లీ పార్కు సంగతి లోకమునకు విరివిగా తెలిసినది 1974 తరువాతనే. ఆ శాసనము ఇంగ్లండునందు 1967 లో సడలింపబడెను. మన దేశమున శిక్షాస్మృతి 377 వ సెక్షనును వయస్సువచ్చినవారి పరస్పరసమ్మతి విషయమున మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6 న కొట్టివేసెను. బ్రిటిషు ప్రధానమంత్రి 2009 లో ట్యూరింగు విషయమై ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పెను. 2013 డిసెంబరులో రాణి క్షమాభిక్ష నిచ్చెను. 2021 జూన్ 23 న, ఆతని జన్మదినమున, ఆతని చిత్రముతో 50 పౌనుల నోటు వెలువడెను. తండ్రి లెక్కలు తనిఖీ చేసిన మన జిల్లాలలో నాతని పేర నే వీథియైన నున్నదని మేము వినలేదు.

కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి గొప్ప బహుమానము ట్యూరింగు పేరనే 1966 నుండి యీయబడుచున్నది. 1994 లో దానిని పొందిన యిరువురిలో నొకరు రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937 లో జన్మించిన తెలుగువారు, ఆసియావాసులలో దానిని మొదట పొందినవారు. మన గూడూరున రేణిగుంట బండి యెక్కినవారు వెంకటగిరి దాటి పోవునది ఆ ప్రాంతమునకే. ఆయన చెన్నపురి గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958 లో పట్టభద్రులై, ఆస్ట్రేలియాకును, అచ్చటినుండి అమెరికాకును పోయి, యంత్రములకు మానవుల మాట వినుట నేర్పుటలో పరిశ్రమించిరి. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆయన డాక్టరు పట్టము పొందినదియు 1966 లోనే.